బొంబాయి రవ్వతో బ్రెడ్డు

మ్యూనిక్ వచ్చిన మొదటి డిసెంబర్లో కేకు చేద్దామని సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. అమ్మ నోటుపుస్తకంలో "మైదా రెండు గ్లాసులు" అని ఉంది. ఏ గ్లాసో నాకు తెలుసు, మా ఇంట్లో కాఫీకి వాడే పొట్టి స్టీలు గ్లాసు. దాన్ని సూట్‌కేసులో తెచ్చుకున్నాను కూడా. దొరకంది మైదానే. పిండి ప్యాకెట్లు అర గోడంత ఉన్నాయి గానీ వాటిమీద పేర్ల బదులు నెంబర్లున్నాయి. 405, 550, 1050.

"నెంబర్లేంటే, బస్సులకున్నట్టు?" అంది అమ్మ ఫోన్లో.

పెద్ద నెంబరైతే బలంగా ఉంటుందనుకుని 1050 తెచ్చాను. ఆ కేకు గురించి ఎక్కువ చెప్పను. పొద్దున్నే దాన్ని పారేయడానికి మనసొప్పక పాలల్లో ముంచుకుని మూడు రోజులు తిన్నాను.

తర్వాత తెలిసింది, ఆ నెంబరు బూడిద లెక్క అని. వంద గ్రాముల పొడి పిండిని 900 డిగ్రీల కొలిమిలో కాలిస్తే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో సుమారుగా అదే దాని నెంబరు. బూడిదయ్యే ఖనిజాలు గింజ పైపొట్టులో ఎక్కువ, లోపలి తెల్లటి భాగంలో తక్కువ. కాబట్టి నెంబరు చిన్నదైతే తెల్లటి పిండి, పెద్దదైతే పొట్టు కలిసిన ముదురు పిండి. కేకుకి 405 తేవాల్సింది. ఫ్రాన్సు వాళ్ళది కూడా బూడిద లెక్కే, టీ55, టీ65 అంటారు. అమెరికా వాళ్ళు బూడిదని పట్టించుకోరు, ఈ పిండితో ఏం చేస్తారని అడిగి బ్రెడ్ ఫ్లోర్, కేక్ ఫ్లోర్ అని పేరు పెడతారు. ఆ తేడా అంతా లోపలున్న ప్రొటీన్‌ది. మనం మాత్రం మైదా, ఆటా, రవ్వ అని మూడు మాటలతో సరిపెట్టుకున్నాం. ఒకే ఊళ్ళో ఒకే కొట్టు దగ్గర కొనుక్కున్నంత కాలం పిండికి పేరు చాలు. సముద్రం దాటాక గానీ ఆ పేరు కింద ఏ గోధుమ ఉంది, ఏ రాయి కింద నలిగింది అనే ప్రశ్నలు రావు.

ఈ ప్రశ్నలు నాకంటే ముందు చాలామందికి వచ్చాయి. వాళ్ళలో ఒక గుంపు కథ తిరిగి తిరిగి మా ఇంటి వంటగదికే చేరుతుంది కాబట్టి దాన్నే చెప్తాను.

మ్యూనిక్‌లో పొద్దున్నే అందరూ కొనుక్కునే గుండ్రటి చిన్న బ్రెడ్డుని సెమ్మెల్ అంటారు. జర్మనీ ఉత్తరానికి వెళ్తే దానికే ఇంకో పేరు. సెమ్మెల్ అనే మాట లాటిన్‌లోని సిమిలా నుంచి వచ్చింది. సిమిలా అంటే మేలురకం గోధుమపిండి. సెమొలినా అనే మాటదీ అదే వంశం. ఈ సంగతి నాకు చెప్పింది జర్మన్ పుస్తకం కాదు, హాబ్సన్-జాబ్సన్. ఇండియాలో ఉన్న ఇంగ్లీషు వాళ్ళ నోళ్ళలో నలిగిన మాటలన్నీ ఏరి హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ కలిసి 1886లో వేసిన నిఘంటువు అది. బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో జడ్జీగా పనిచేసినవాడు. ఏదో మాట వెతుకుతూ పేజీలు తిప్పుతుంటే 'సూజీ' దగ్గర ఆగిపోయాను. ఇండియాలో దొరల బల్లల మీదికి వచ్చే బ్రెడ్డు సూజీతో చేస్తారని ఉంది అక్కడ. దాన్ని ఎలా విసురుతారో చెప్పి, ఇటలీ వాళ్ళ సెమొలినా ఇదేననీ, జర్మన్ల సెమ్మెల్, పాత ఇంగ్లీషు వాళ్ళ సిమ్నెల్ కేకు దీనికి బంధువులనీ వివరించారు. సూజీ అనే మాటకి సెమ్మెల్ అనే మాట చుట్టం కాదు. వస్తువుకి వస్తువు చుట్టం.

సూజీ అంటే మన బొంబాయి రవ్వ. ఉప్మా రవ్వ. దాంతో బ్రెడ్డా?

మొదట నమ్మలేదు. బ్రెడ్డంటే మైదా అనే అలవాటు మనది. కానీ 19వ శతాబ్దంలో మద్రాసులోనో మచిలీపట్నంలోనో దిగిన ఇంగ్లీషు కుటుంబం పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. ఇక్కడ జనం తినేది వరి, జొన్న, రాగి. గోధుమ దొరుకుతుంది గానీ దాన్ని విసిరేది తిరగలి. తిరగలి రాళ్ళు దగ్గరగా పెట్టి మెత్తగా విసిరితే గోధుమ పొట్టు కూడా పొడైపోయి పిండిలో కలిసిపోతుంది. ఒకసారి కలిశాక ఎంత సన్నటి గుడ్డలో జల్లించినా పూర్తిగా విడిపోదు. రొట్టెకి అది వరమే గానీ తెల్లటి, పొంగిన లోఫ్ కావాలనుకునే వాళ్ళకి అడ్డం. మరి తెల్లటి పిండి ఎలా? మెత్తగా విసరకపోవడమే ఉపాయం. గోధుమల్ని రాత్రి తడిపి ఉంచితే పొట్టు సాగుతుంది, లోపలి గింజ విరుగుతుంది. (ఇవాళ్టి కంప్యూటర్ మిల్లుల్లో కూడా గోధుమల్ని ముందు తడపనిదే లోపలికి పంపరు.) పొద్దున రాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి విసిరితే పొట్టు పెద్ద పెద్ద రేకులుగా ఊడుతుంది. సన్నటి పొడి జల్లెడలోంచి కిందికి దిగిపోతుంది. పైన మిగిలినదాన్ని చేటలో వేసి చెరిగితే పొట్టు ఎగిరిపోయి రవ్వ మిగులుతుంది. గింజలో అన్నిటికంటే గట్టి భాగం, గింజ గుండెకాయ అన్నమాట. ఆ చెరగడం తెలిసిన చేతులు మన ఆడవాళ్ళవి. మద్రాసులో తెల్లటి బ్రెడ్డుకి మొదటి యంత్రం చేట.

రవ్వతో ఇంకో చిక్కుంది. నీళ్ళు పోయగానే పిండిలా ముద్ద కాదు. లోపలిదాకా నానడానికి గంటలు పడుతుంది. నానాక బాగా మర్దిస్తే తప్ప గ్లూటెన్ సాగదు, గ్లూటెన్ సాగకపోతే గాలి నిలవదు. కాబట్టి రాత్రి నానబెట్టడం, పొద్దున పిసకడం. లండన్‌లో బ్రెడ్డు చేయడం వచ్చిన దొరసానికి ఇదంతా కొత్త. ఇడ్లీకి పప్పు నానబోసే ఊరివాళ్ళకి కొత్తేం కాదు.

ఇక పులియబెట్టడం. ఇంగ్లండులో బీరు కాచే చోట ఈస్టు దొరికేది. ఇక్కడ బీరు లేదు. బంగాళాదుంపలు, హాప్స్ పూలు ఉడకబెట్టి సీసాల్లో ఈస్టు తయారుచేసుకునే పద్ధతులు వంటపుస్తకాల్లో ఉన్నాయి గానీ, మద్రాసు ఎండకి ఆ సీసా ఎప్పుడు పులిసి ఎప్పుడు పేలుతుందో తెలీదు. అమెరికాలో ఫ్లైష్‌మన్ సోదరులు 1868లో అచ్చుగట్టిన ఈస్టు అమ్మడం మొదలుపెట్టారు గానీ, అది ఓడలో నెలల ప్రయాణం తట్టుకోదు. నిల్వ ఉండే ఎండు ఈస్టు వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో.

ఇక్కడ ఉన్నది కల్లు. గోవాలో పోర్చుగీసు వాళ్ళు అంతకు చాలా ముందే కనిపెట్టిన దారి ఇది. తాము తినే పావుని అక్కడి కొబ్బరికల్లుతో పులియబెట్టించారు. కల్లులో ఉండే ఈస్టూ బ్రెడ్డుని పొంగించే ఈస్టూ ఒకే జాతి. చెట్టుకి కట్టిన ముంతలో పాత కల్లు తాలూకు ఈస్టు ఉండనే ఉంటుంది కాబట్టి, రసం ముంతలో పడుతున్నప్పుడే పులియడం మొదలవుతుంది. తెల్లవారుజామున దించింది తియ్యగా, నురగతో ఉంటుంది. ఎండెక్కాక ఘాటు. సాయంత్రానికి పులుపు. బ్రెడ్డుకి కావాల్సింది తెల్లవారుజాముది. ఆలస్యమైతే బ్రెడ్డు కూడా పులుస్తుంది. అంటే దొర తినే టోస్టు కల్లు గీసేవాడి టైము మీద ఆధారపడింది.

పొయ్యి సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇంగ్లీషు ఇనప ఓవెన్ లేనిచోట కింద నిప్పులు, మూత మీద నిప్పులు. మా అమ్మ కేకు చేసేటప్పుడు అల్యూమినియం గుండుగలో ఇసక పోసి, మూత మీద నాలుగు బొగ్గులు పెట్టేది. ఆ పద్ధతి ఆమెకి ఎవరు నేర్పారో నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. ఈ పనంతా చేసిందెవరు?

1878లో మద్రాసులో హిగిన్‌బాథమ్స్ వాళ్ళు 'క్యులినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్' అనే పుస్తకం వేశారు. రాసినాయన కల్నల్ కెన్నీ-హెర్బర్ట్, కలం పేరు వైవర్న్. తెలివైన పుస్తకం, చమత్కారంగా ఉంటుంది, వంట తెలిసినవాడు రాసింది. దాన్నిండా ఒక వంటవాడు కనిపిస్తాడు, రామసామి. రామసామి ఇది పాడుచేస్తాడు, రామసామికి అది నేర్పాలి, రామసామి మీద ఒక కన్నేసి ఉంచాలి. రామసామి ఒక మనిషి కాదు. మద్రాసులో దొరల ఇళ్ళల్లో వంటచేసే ప్రతివాడికీ పెట్టిన పేరు. బీఫ్, పోర్క్ వండాల్సిన ఆ వంటిళ్ళలోకి పై కులాల వాళ్ళు అడుగుపెట్టేవాళ్ళు కాదు కాబట్టి, ఆ పేరు కింద ఉన్నవాళ్ళు చాలావరకు దళితులు, క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు, ముస్లిములు. పదేళ్ళ తర్వాత, 1888లో, పంజాబులో కాపురమున్న ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్‌తో కలిసి ఇంకా పేరు పొందిన పుస్తకం రాసింది. నౌకర్లని పసిపిల్లల్లా అదుపులో పెట్టాలన్నది అందులో సలహా. కొలతలన్నీ దొరసానులవి, తప్పులన్నీ నౌకర్లవి.

రవ్వ రాత్రి ఎంతసేపు నానాలో, ఇవాళ్టి కల్లు ఎంత ఘాటుగా ఉందో, వర్షాకాలంలో ముద్ద ఎందుకు జారిపోతుందో తెలిసినవాడు మాత్రం ఏ పుస్తకమూ రాయలేదు. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే మద్రాసు ప్రెసిడెన్సీ ధాత కరువులోంచి బయటపడుతోంది. 1876 నుంచి 1878 దాకా లక్షలమంది తిండిలేక చనిపోయారు. డిన్నర్ మెనూల పుస్తకం చదువుతూ ఆ తేదీని మర్చిపోవడం నాకు కుదరలేదు.

మర్చిపోలేకపోవడానికి సొంత కారణం కూడా ఉంది. మా అమ్మమ్మ వాళ్ళ తాత గుంటూరు వైపు ఒక మిషన్ బంగళాలో వంటవాడు. ఆ కరువు తర్వాతే వాళ్ళ ఇల్లు సంఘంలో చేరింది. గుంటూరుకి అమెరికన్ లూథరన్ల తరపున ఫాదర్ హేయర్ వచ్చింది 1842లో. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల మిషన్లూ బంగళాలూ పెరిగాయి, బంగళా ఉన్నచోటల్లా బ్రెడ్డు కావాల్సొచ్చింది. మా అమ్మమ్మ వంటింటిని 'కుసిని' అనేది. పోర్చుగీసు మాట అది, కొజీన్యా. ఊళ్ళో మిగతావాళ్ళ నోట ఆ మాట వినలేదు నేను.

అమ్మమ్మ చెప్పేది: తాత సాయంత్రం రవ్వ నానబోసేవాడు. పొద్దున్నే చీకటితో తాటితోపుకి వెళ్ళి చిన్న చెంబుతో కల్లు తెచ్చేవాడు. ఆ చెంబు మీద తడిగుడ్డ కప్పి, బంగళా వెనక గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్ళేవాడు. ఎందుకంటే తాగుడు మానమని ప్రతి ఆదివారం ప్రసంగం చెప్పే ఇల్లు అది. దొరసానికి తెలుసో, తెలిసీ తెలీనట్టుందో! "బ్రెడ్డు పొంగాలి కదా మరి," అని నవ్వేది అమ్మమ్మ.

ఇదంతా మద్రాసులో జరుగుతున్నప్పుడు అటు అమెరికాలో అదే రవ్వ ఇంకో గొడవ చేస్తోంది. మిన్నెసోటాలో పండే గోధుమ గట్టిది. తిరగలిలో పోస్తే పొట్టు పొడవుతుంది, గుండెకాయ రవ్వగా మిగులుతుంది. అచ్చం మన సమస్యే. ఆ రవ్వని అక్కడ మిడ్లింగ్స్ అంటారు. పొట్టు మరకలతో ఉంటుందని చవగ్గా అమ్మేసేవాళ్ళు. 1871 ప్రాంతంలో మినియాపొలిస్ మిల్లుల్లోకి ఒక యంత్రం వచ్చింది. జల్లెడ ఊగుతుంటే కిందనుంచి గాలి కొట్టి పొట్టుని ఎగరగొడుతుంది. అంటే చేట! ఇనప చేట. శుభ్రపడ్డ రవ్వని మళ్ళీ విసిరితే వచ్చిన పిండి మిగతా అన్ని పిండులకంటే తెల్లగా, బలంగా ఉంది, ధర కూడా ఎక్కువ పలికింది. నిన్నటి చవక సరుకు ఇవాళ్టి మేలురకమైంది. ఊరంతా పిండి దుమ్ము. 1878 మే 2న వాష్‌బర్న్ ఎ మిల్లులో ఆ దుమ్ము అంటుకుని పేలి 18 మంది చనిపోయారు. వైవర్న్ పుస్తకం వచ్చిన సంవత్సరమే. రెండేళ్ళలో మిల్లు మళ్ళీ కట్టారు, ఈసారి రాళ్ళ బదులు ఉక్కు రోలర్లతో. ఇవాళ ప్రపంచమంతా తినే మైదా ఆ రోలర్ల సంతానం.

ఇంకా దక్షిణాన కాన్సస్‌లో కథ తిరగబడింది. రష్యా సామ్రాజ్యపు దక్షిణ భాగంలో ఉండే మెన్నొనైట్లు, జర్మన్ మాట్లాడే శాంతివాదులు, సైన్యంలో చేరాల్సిన అవసరం లేకుండా ఉన్న మినహాయింపు పోతోందని తెలిసి 1874లో కాన్సస్ వచ్చారు. కొత్త దేశంలో కొత్త పిండికి అలవాటుపడటం మా వల్ల కాదనుకున్నారేమో, తమ గోధుమనే మూటగట్టుకొచ్చారు. టర్కీ రెడ్ అనే రకం. చిన్నపిల్లలు దీపం పెట్టుకుని గింజ గింజ ఏరి సంచులు నింపారని కథ చెప్తారు. కథే కావచ్చు. కానీ ఆ గోధుమ మరీ గట్టిదని అక్కడి మిల్లులవాళ్ళు మొదట మొహం తిప్పుకున్నారు. రోలర్లు వచ్చాక దానికోసం ఎగబడ్డారు. మనుషులు పిండికి సర్దుకోవడం మామూలు, ఇక్కడ దేశమే వాళ్ళ పిండికి సర్దుకుంది. అలాంటి అదృష్టం అందరికీ ఉండదు.

1893లో నార్త్ డకోటాలో గ్రాండ్ ఫోర్క్స్ అనే ఊళ్ళో, మార్కెట్ కుప్పకూలి పిండి కొనేవాడు లేని రోజుల్లో, ఒక చిన్న మిల్లు ఆ రవ్వనే జావ కాచుకోమని డబ్బాల్లో అమ్మడం మొదలుపెట్టింది. పేరు క్రీమ్ ఆఫ్ వీట్. డబ్బా మీద టోపీ పెట్టుకుని నవ్వుతున్న నల్లజాతి వంటవాడి బొమ్మ, అతనికి రాస్టస్ అని పేరు. అదీ ఒక మనిషి పేరు కాదు. నల్లవాళ్ళని ఎగతాళి చేయడానికి తెల్లవాళ్ళు వాడిన పేరు. మద్రాసు రామసామికి డకోటా తమ్ముడు. ఆ బొమ్మకి మూలమైన ఫొటో షెఫ్ ఫ్రాంక్ వైట్‌దని నమ్ముతారు. ఆయన 1938లో మిషిగన్‌లో చనిపోతే, సమాధి మీద పేరున్న రాయి పడింది 2007లో. డబ్బా మీద బొమ్మ తీసేస్తామని కంపెనీ ప్రకటించింది 2020లో.

1965లో అమెరికా వలస చట్టం మారాక వెళ్ళిన తొలి తెలుగు ఇంజనీర్లు, డాక్టర్ల ఇళ్ళల్లో ఉప్మా అయింది ఈ డబ్బానే. ఇండియన్ స్టోరు ఇంకా రాని ఊళ్ళలో ఆవిడా ఈవిడా ఫోన్ చేసుకుని చెప్పుకున్న కిటుకులివి. క్రీమ్ ఆఫ్ వీట్ మన రవ్వకంటే సన్నం, నెయ్యి వేసి ఎక్కువసేపు వేయించకపోతే లేహ్యం అవుతుంది. గులాబ్ జామూన్‌కి బిస్క్విక్‌లో పాలపొడి కలుపు. బిస్క్విక్ తయారుచేసే జనరల్ మిల్స్ పుట్టింది ఆ పేలిన వాష్‌బర్న్ మిల్లు వంశంలోనే. ఆ ఆంటీలకి ఇవేవీ తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. చేత్తో ముట్టుకుని, ఇది ఇంట్లో ఉన్న ఫలానాదానిలా ఉంది అని పోల్చుకోవడం, అంతే. అటు ఇండియాలో అదే దశాబ్దంలో పీఎల్ 480 కింద అమెరికా గోధుమలు రేషన్ షాపుల్లోకి వచ్చాయి. ఆ ఓడల్లోనే వయ్యారిభామ మొక్క కూడా వచ్చిందని మా తాతయ్య తిట్టేవాడు.

మొన్న చలి బాగా ఉన్న ఒక శనివారం నేనూ ప్రయత్నించాను. ఇక్కడ రవ్వ రెండు రకాలు. ఒకటి డ్యూరమ్ గోధుమది, పసుప్పచ్చగా, గట్టిగా. ఇంకోటి మామూలు గోధుమది, అదే మన బొంబాయి రవ్వకి దగ్గర. అరకిలో తీసుకుని రాత్రి నీళ్ళలో తడిపాను. పొద్దున కల్లు ఎక్కడ తేను? 42 గ్రాముల ఈస్టు ముక్క దొరుకుతుంది, అందులో నాలుగో వంతు వేశాను. పిసకడం అరగంట. మొదట తడి ఇసకలా ఉంది. ఇరవయ్యో నిమిషంలో చేతికింద ఏదో మారింది, ముద్ద లాగితే తెగకుండా సాగింది. చేతులు నొప్పెట్టాయి. ఇది రోజూ, బంగళాలో ఉన్న అందరికీ, ముప్పయ్యేళ్ళు చేశాడు ఆ మనిషి.

బ్రెడ్డు ఓవెన్‌లో పెట్టి అమ్మకి వీడియో కాల్ చేశాను. అంతా చెప్పాను, సూజీ, సెమ్మెల్, రామసామి, రాస్టస్. పేర్లు లేకుండా చేశారమ్మా వాళ్ళని, అని కొంచెం ఆవేశంగానే అన్నాను. అమ్మ వింటోంది, మధ్యమధ్యలో ఓవెన్ అద్దంలోకి చూపించమంటోంది.

"అవునమ్మా, ఆ తాత పేరేంటి?" అని అడిగాను.

"కుసినీ తాత," అంది.

"అది పని కదా. పేరు?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అమ్మ ఎప్పుడూ కుసినీ తాతనే అనేది. బైబిల్లో రాసుంటుందేమో, అది పెద్దమ్మ దగ్గరుంది. అడిగి చెప్తానుండు."

కాల్ కట్ చేయకుండానే పక్కన ఇంకో ఫోన్లో నెంబరు నొక్కుతోంది. ఇక్కడ రవ్వ కాలుతున్న వాసన మొదలైంది. ఇంకా పన్నెండు నిమిషాలుంది.